ఉపాయం ఎక్కడ ఆగిపోతుంది?

కార్యాలయంలోనో కర్మాగారంలోనో బాధ్యత వహించే మేనేజరు ముందుకు వచ్చే సమస్యలు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకానికి పరిష్కార మార్గం ముందే తెలిసి ఉంటుంది. నియమావళిని తిరగేసినా, అనుభవజ్ఞుడిని అడిగినా, లెక్క సరిగా వేసినా సమాధానం దొరుకుతుంది. రెండవ రకం సమస్యలో చేరవలసిన చోటు తెలుసుగాని దారి తెలియదు, కొన్నిసార్లు చేరవలసిన చోటే స్పష్టంగా ఉండదు, పైగా ఇంతకుముందు చక్కగా పనిచేసిన పద్ధతే ఇప్పుడు అడ్డంకిగా నిలుస్తుంది. ఈ రెండవ రకం సమస్యల కోసం గడిచిన శతాబ్దంలో మేధోమథనం, ఐదు ‘ఎందుకు’ల పద్ధతి, ఆరు టోపీల పద్ధతి, ట్రిజ్, ప్రీమార్టం వంటి సృజనాత్మక పద్ధతులు అనేకం పుట్టుకొచ్చాయి. శిక్షణ తరగతుల్లో వీటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఏది నచ్చితే అది వాడుకోవచ్చునన్నట్టు బోధించడం పరిపాటి అయింది. మనోవిజ్ఞాన పరిశోధనలను దగ్గరగా చూస్తే తేలేది వేరు. మనిషి ఆలోచన నిర్దిష్టమైన చోట్ల, నిర్దిష్టమైన కారణాలవల్ల ఆగిపోతుంది. ఒక్కో పద్ధతి ఒక్కో అడ్డంకిని తొలగించడానికే పనికివస్తుంది. అడ్డంకి ఏదో గుర్తించకుండా చేపట్టిన పద్ధతి ఎంత ప్రసిద్ధమైనదైనా ఒక తంతుగానే మిగిలిపోతుంది.

ఈ అడ్డంకుల్లో మొదటిది అలవాటు. 1942లో మనోవిజ్ఞానవేత్త అబ్రహాం లూచిన్స్ ప్రచురించిన నీటి కూజాల ప్రయోగం దీనిని అతి స్పష్టంగా చూపింది. అందులో పాల్గొన్నవారికి కాగితంమీద మూడు కూజాల కొలతలు ఇచ్చి, వాటితోనే ఫలానా పరిమాణంలో నీటిని కొలవమని అడిగారు. మొదటి కూజాలో 21 పాళ్లు, రెండవదానిలో 127, మూడవదానిలో 3 పాళ్లు పడతాయి. కావలసింది 100 పాళ్లు. రెండవ కూజాను నింపి, అందులోనుంచి మొదటి కూజాకు ఒకసారి, మూడవ కూజాకు రెండుసార్లు వంపేస్తే సరిగ్గా 100 మిగులుతుంది. ఇదే సూత్రానికి లొంగే లెక్కలు వరుసగా కొన్ని చేయించిన తరువాత, 23, 49, 3 పాళ్ల కూజాలతో 20 పాళ్లు కొలవమన్నారు. మొదటి కూజాను నింపి మూడవ కూజాకు ఒకసారి వంపితే పని అయిపోతుంది. అయినా వరుస లెక్కలు చేసి వచ్చినవారిలో అత్యధికులు పాత, పొడవాటి సూత్రాన్నే ప్రయోగించారు. ఆ లెక్కలు చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవారికి మాత్రం సులువైన దారి ఇట్టే కనిపించింది. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఆ తరువాతి లెక్కలో బయటపడింది. 28, 76, 3 పాళ్ల కూజాలతో 25 పాళ్లు కొలవాలంటే పాత సూత్రం పనిచేయదు, మొదటి దానిలోనుంచి మూడవ దానికి వంపడమే మార్గం. చిన్నపిల్లలు కూడా చేయగల ఆ లెక్క దగ్గర, సూత్రానికి అలవాటుపడినవారిలో చాలామంది చతికిలబడ్డారు.

ఇక్కడ విఫలమైనవారు తెలివితక్కువవారు కారు. వారి వైఫల్యానికి మూలం అంతకుముందు సాధించిన విజయమే. సరఫరా ఆలస్యమైన ప్రతిసారీ మరొక తనిఖీ అంచెను చేర్చి ఐదారుసార్లు గట్టెక్కిన విభాగం, ఏడవసారి ఆలస్యానికి ఆ తనిఖీలే కారణమైనా గుర్తించలేకపోవడం ఈ కోవలోదే. అనుభవాన్ని తక్కువ చేయవలసిన పని లేదు, ఎందుకంటే రోజువారీ పనులు చాలావరకు అనుభవం మీదనే నడుస్తాయి. అయితే పరిస్థితి మారినప్పుడు మొట్టమొదట దారి తప్పేది కూడా ఆ అనుభవమేనన్న ఎరుక మేనేజరుకు ఉండాలి.

అలవాటుకు తోబుట్టువు వంటి మరొక అడ్డంకిని జర్మన్ మనోవిజ్ఞానవేత్త కార్ల్ డంకర్ 1935లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. చిన్న కొవ్వొత్తులు, అగ్గిపుల్లలు, చిన్న అట్టపెట్టెల్లో గుండుసూదుల వంటి మేకులు ఇచ్చి, కొవ్వొత్తులను తలుపుకు నిలబెట్టమని అడిగితే, పెట్టెను ఖాళీ చేసి తలుపుకు దిగ్గొట్టి, దానినే పీటగా వాడుకోవచ్చునన్న ఆలోచన చాలామందికి రాలేదు. అవే పెట్టెలను ఖాళీగా ఇచ్చినప్పుడు అందరూ పరిష్కరించారు; సామాను నింపి ఇచ్చినప్పుడు సగంమంది కూడా పరిష్కరించలేకపోయారు. పెట్టె అంటే సామాను పెట్టుకునేది అన్న భావం బలంగా ముద్రపడి ఉండటం వల్ల, అది నిలువనిచ్చే పీట కూడా కాగలదన్న సంగతి కంటికి ఆనదు. ఒక వస్తువును దాని వాడుక ప్రయోజనానికే కట్టిపడేసే ఈ గుణాన్ని ప్రయోజన స్థిరత్వం అంటారు. వస్తువులకే కాదు, ఉద్యోగులకూ ఇది వర్తిస్తుంది. గోదాములో సరుకు లెక్కించే గుమాస్తాకు ఏ వాహనం ఏ వేళకు వస్తుందో, ఏ సరుకు ఎక్కడ ఇరుక్కుంటుందో ఇతరులకంటే బాగా తెలిసి ఉన్నా, ఆయన ‘లెక్క రాసే మనిషి’గా ముద్రపడినందువల్ల ఆయనను అడగాలని ఎవరికీ తోచదు.

కొవ్వొత్తి సమస్యకు 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ చేసిన చేర్పు మేనేజర్లు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. వేగంగా పరిష్కరించినవారికి నగదు బహుమతి ఇస్తామని ఆశచూపినప్పుడు, పెట్టెలు ఖాళీగా ఉన్న సులువైన రూపంలో బహుమతి వేగాన్ని పెంచింది. పెట్టెలు నిండుగా ఉన్న కఠిన రూపంలో మాత్రం, బహుమతి ఆశించినవారికే ఎక్కువ సమయం పట్టింది. దారి తెలిసిన పనికి ప్రోత్సాహకం ఊపునిస్తుంది. దారి వెతుక్కోవలసిన పనిలో అదే ప్రోత్సాహకం చూపును ఇరుకు చేసి, మొదట తోచిన దారినే మరింత గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. మంచి ఉపాయం చెప్పినవారికి బహుమతి అంటూ ప్రకటించే పోటీల విషయంలో సంస్థలు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవడం అరుదు.

వస్తువులపై పడిన ఈ ప్రయోజన ముద్రను చెరిపే ఒక సరళమైన పద్ధతిని 2012లో టోనీ మెకాఫ్రీ ప్రచురించాడు. వస్తువును భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగాన్నీ దాని పనిని సూచించని మాటలతో వర్ణించడమే ఆ పద్ధతి. రెండు బరువైన ఉక్కు ఉంగరాలను గట్టిగా జతచేయాలి, చేతిలో ఉన్నవి ఒక కొవ్వొత్తి, ఒక అగ్గిపుల్ల, రెండంగుళాల ఉక్కు దిమ్మె మాత్రమే. చాలామంది మైనం కరిగించి అతికించబోతారు, కానీ మైనం ఆ బరువుకు ఆగదు. కొవ్వొత్తిలో ఉన్నవి మైనమూ వత్తీ అని విడగొట్టి, వత్తిని వెలిగించే వస్తువుగా గాక పేనిన పొడవాటి దారంగా వర్ణిస్తే, మైనాన్ని దిమ్మె అంచుతో గీకేసి ఆ దారంతో ఉంగరాలను కట్టేయవచ్చునని తేలిపోతుంది. ఈ పద్ధతి నేర్చుకున్నవారు నేర్చుకోనివారికంటే 67 శాతం ఎక్కువ సమస్యలను పరిష్కరించారు. ఒక దరఖాస్తును ‘మంజూరు ఫారం’ అనకుండా ‘పేరు, చిరునామా, తేదీ, రెండు సంతకాలు ఉన్న కాగితం’ అని వర్ణించిన మరుక్షణమే, ఆ రెండవ సంతకం ఎందుకన్న ప్రశ్న సహజంగా పుడుతుంది.

వర్ణన మారితే పరిష్కారం మారుతుందన్న ఈ సూత్రం వస్తువులకంటే సమస్యలకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. టొయోటా సంస్థ ఉత్పత్తి విధానాన్ని తీర్చిదిద్దిన తాయిచి ఓనో 1978లో వెలువరించిన పుస్తకంలో ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడగడాన్ని ఒక ఉదాహరణతో వివరించాడు. యంత్రం ఆగిపోయింది, ఎందుకంటే భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు పెరిగిందంటే బేరింగుకు తగినంత కందెన అందలేదు. ఎందుకు అందలేదంటే కందెన పంపు సరిగా తోడటం లేదు. ఎందుకు తోడలేదంటే పంపు ఇరుసు అరిగిపోయింది. ఇరుసు ఎందుకు అరిగిందంటే జల్లెడ బిగించనందువల్ల లోహపు రజను లోపలికి పోయింది. మొదటి ప్రశ్న దగ్గర ఆగినవాడు ఫ్యూజు మారుస్తాడు, కొద్ది నెలల్లో అది మళ్లీ పోతుంది. ఐదవ ప్రశ్న దాకా వెళ్లినవాడు జల్లెడ బిగిస్తాడు. ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. వాస్తవంలో ఒక ఫలితానికి ఒకే కారణాల గొలుసు ఉండటం అరుదు, కాబట్టి ఐదు ప్రశ్నలూ ఒకే పాయలో సాగితే మిగతా పాయలు మరుగునపడతాయి. అంతకంటే ప్రమాదకరమైనది ‘ఎందుకు’ అన్న ప్రశ్న పనివిధానం మీదనుంచి మనిషిమీదికి మళ్లడం. ‘జల్లెడ ఎందుకు లేదు’ అన్నది ‘జల్లెడ బిగించనిది ఎవరు’ అన్న విచారణగా మారిన క్షణాన సమాధానాలు ఆగిపోయి సంజాయిషీలు మొదలవుతాయి.

ప్రశ్నమీద ఎక్కువ సేపు నిలవడం వృథా కాదనడానికి మరొక దిశనుంచి కూడా ఆధారం ఉంది. జేకబ్ గెట్జెల్స్, మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే పరిశోధకులు షికాగోలోని ఒక కళా విద్యాలయానికి చెందిన చిత్రకళా విద్యార్థులకు కొన్ని వస్తువులు ఇచ్చి, వాటిలో ఇష్టమైనవి ఎంచుకుని అమర్చుకుని బొమ్మ గీయమన్నారు. గీయడానికి ముందు వస్తువులను ఎక్కువగా తిప్పిచూసి, అటూ ఇటూ అమర్చి, ఏమి గీయాలన్నదాన్ని ఆలస్యంగా నిర్ణయించుకున్నవారి చిత్రాలనే నిపుణులు ఎక్కువ మౌలికమైనవిగా ఎంచారు. ఏళ్లు గడిచాక కళాకారులుగా స్థిరపడటంలోనూ వారే ముందున్నారు. గంట సేపు జరిగే సమావేశంలో మొదటి రెండు నిమిషాల్లోనే సమస్యను మేనేజరు ఒక్క వాక్యంలో ప్రకటించి, మిగిలిన యాభై ఎనిమిది నిమిషాలూ పరిష్కారాలకే కేటాయించే ఆనవాయితీ ఈ పరిశోధన వెలుగులో పునరాలోచించదగినది.

పరిష్కారాల వేట అనగానే అందరికీ స్ఫురించేది మేధోమథనం. న్యూయార్కులోని బీబీడీఓ ప్రకటనల సంస్థ భాగస్వాముల్లో ఒకడైన అలెక్స్ ఆస్బోర్న్ ఈ పద్ధతిని రూపొందించి, 1953లో ప్రచురించిన పుస్తకం ద్వారా ప్రపంచవ్యాప్తం చేశాడు. దానికి నాలుగు నియమాలు పెట్టాడు: ఎవరు ఏమి చెప్పినా అప్పటికప్పుడు విమర్శించకూడదు, ఎంత విపరీతమైన ఆలోచననైనా స్వాగతించాలి, వీలైనన్ని ఎక్కువ ఆలోచనలు రాబట్టాలి, ఒకరి ఆలోచనను మరొకరు అందుకుని పెంచాలి. పుట్టించడాన్నీ తూచడాన్నీ వేరుచేయాలన్న ఆస్బోర్న్ అంతర్దృష్టి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 1950లో అమెరికన్ మనోవిజ్ఞాన సంఘం అధ్యక్షోపన్యాసంలో సృజనాత్మకతను శాస్త్రీయంగా పరిశోధించాలని పిలుపునిచ్చిన గిల్‌ఫర్డ్ కూడా, అనేక సమాధానాలవైపు విస్తరించే బహుముఖ ఆలోచననూ ఒకే సరైన సమాధానంవైపు కూడుకునే ఏకముఖ ఆలోచననూ వేర్వేరు శక్తులుగానే పరిగణించాడు. అయితే ఆస్బోర్న్ మరొక మాట కూడా అన్నాడు. సగటు మనిషి ఒంటరిగా కంటే బృందంలో రెట్టింపు ఆలోచనలు చేయగలడన్నది ఆ మాట. పరీక్షకు నిలవనిది అదే.

1958లో యేల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ టేలర్, ఆయన సహచరులు ఈ వాదాన్ని పరీక్షించారు. 48 మంది విద్యార్థులు నలుగురేసి చొప్పున 12 బృందాలుగా కూర్చుని ఆస్బోర్న్ నియమాల ప్రకారం ఆలోచించారు. మరో 48 మంది అవే నియమాలతో, అవే ప్రశ్నలమీద, అంతే సేపు ఒంటరిగా ఆలోచించారు. ఇకమీదట పుట్టేవారందరికీ ప్రతి చేతికీ అదనంగా మరో బొటనవేలు ఉంటే కలిగే లాభనష్టాలేమిటి అన్నది ఆ ప్రశ్నల్లో ఒకటి. ఆ తరువాత ఒంటరివారి జాబితాలను నాలుగేసి కలిపి, ఒకే ఆలోచన రెండుసార్లు వస్తే ఒకటిగానే లెక్కించి, కాగితంమీద మాత్రమే ఉన్న 12 ‘నామమాత్రపు బృందాలను’ తయారుచేశారు. కలిసి ఆలోచించని ఆ నలుగురి మొత్తం, కలిసి కూర్చున్న నలుగురి మొత్తానికి దాదాపు రెట్టింపు తేలింది. తరువాతి దశాబ్దాల్లో ఎన్నోచోట్ల జరిగిన ప్రయోగాల్లో ఈ దిశ మారలేదు.

కలిసి కూర్చుంటే ఎందుకు తగ్గుతుంది? మూడు అనుమానాలు ఉండేవి. విమర్శించవద్దని ఎంత చెప్పినా పక్కవారు ఏమనుకుంటారోనన్న జంకు మొదటిది. ఎవరి వంతు ఎంతో బయటికి తెలియదు కాబట్టి కాస్త సడలిపోవడం రెండవది. ఒక్కసారికి ఒక్కరే మాట్లాడగలరన్న అతి మామూలు వాస్తవం మూడవది. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబే 1987లో వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూశారు. ఒక ప్రయోగంలో పాల్గొన్నవారిని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరు మైకులో మాట్లాడుతున్నప్పుడు మిగతావారి ముందు ఎర్రదీపం వెలిగేలా ఏర్పాటు చేశారు. కొందరికి ఇతరుల మాటలు వినిపించేవి కూడా కావు. ఎవరో మాట్లాడుతున్నారు, ఆగాలి అన్న సూచన ఒక్కటే ఉండేది. ఆ దీపాన్ని పాటించవలసివచ్చినవారి ఆలోచనల సంఖ్య కలిసి కూర్చున్న బృందం స్థాయికి పడిపోయింది. దీపం ఉన్నా దాన్ని పట్టించుకోనవసరం లేనివారి ఆలోచనల సంఖ్య తగ్గలేదు. జంకుకూ సడలింపుకూ కొంత పాత్ర ఉన్నా, ప్రధాన దోషి వంతుకోసం ఎదురుచూడటమేనని దీంతో తేలింది. మనిషి తాత్కాలిక స్మృతిలో పట్టేది కొద్దిపాటి సమాచారమే. తన వంతు వచ్చేదాకా ఒక ఆలోచనను మరచిపోకుండా పట్టుకుని కూర్చున్నవాడికి తరువాతి ఆలోచన పుట్టడానికి చోటుండదు, పట్టు వదిలితే మొదటిదీ జారిపోతుంది.

అయినా బృందంలో కూర్చున్నవారికి తాము ఎక్కువ సాధించామన్న తృప్తే మిగులుతుందని పాల్ పౌలస్, ఆయన సహచరులు 1993లో చూపారు. గది అంతా మాటలతో నిండి ఉండటంవల్ల ఇతరుల ఆలోచనలు కూడా తమ ఖాతాలోనే పడినట్టు అనిపిస్తుంది, మౌనంగా ఉన్న క్షణాలు వెలితిగా తోచవు. పద్ధతి బలహీనమైనా అంత ఆదరణ పొందడానికి ఈ భ్రమ ఒక ముఖ్య కారణం.

దీనికి విరుగుడు కనుక్కోవడం కష్టమేమీ కాలేదు. 1960ల చివర జర్మనీకి చెందిన బెర్న్‌డ్ రోర్‌బాక్ సూచించిన 6-3-5 పద్ధతిలో ఆరుగురు బల్లచుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు కాగితంమీద రాసి పక్కవారికి అందిస్తారు. కాగితం అందుకున్నవారు పైన ఉన్నవి చదివి, వాటిని పెంచుతూనో వాటినుంచి పక్కకు జరుగుతూనో మరో మూడు రాస్తారు. అరగంటలో కాగితాలు చుట్టు తిరిగేసరికి 108 ఆలోచనలు పోగవుతాయి, ఎవరూ వంతుకోసం ఆగవలసిన పని ఉండదు, ఇతరుల ఆలోచన తనకు అందే లాభమూ పోదు. అమెరికాలో డెల్బెక్, వాన్ డి వెన్ రూపొందించిన నామమాత్ర బృంద పద్ధతిలో అందరూ మౌనంగా రాసుకున్న తరువాతే, ఒక్కొక్కరు ఒక్కో ఆలోచన చదువుతూ పోతారు. చర్చ ఆ తరువాత, రహస్య ఓటు చివర. ముందు ఒంటరిగా ఆలోచించి తరువాత కలిసిన బృందాలు, మొదటినుంచీ కలిసి కూర్చున్న బృందాలకంటే ఎక్కువ ఆలోచనలు చేయడమే కాక, వాటిలోని అత్యుత్తమ ఆలోచనల నాణ్యతలోనూ మిన్నగా ఉన్నాయని 2010లో గిరోత్ర, టర్‌వీష్, ఉల్రిచ్ చూపారు. న్యాయంగా చెప్పాలంటే ఆస్బోర్న్ కూడా సమావేశానికి ముందూ వెనుకా ఒంటరి ఆలోచన అవసరమనే అన్నాడు. ఆచరించినవారు సులువైన భాగాన్ని ఉంచుకుని ఆ సలహాను వదిలేశారు.

తెలుగునాట కార్యాలయాలకు ఈ రాత పద్ధతి మరింత అవసరమనడానికి బలమైన కారణాలున్నాయి. పెద్ద అధికారి ఒక అభిప్రాయం వెలిబుచ్చిన తరువాత ‘సార్ చెప్పిందే కరెక్టు’ అనడం మర్యాదగా చెల్లుబాటయ్యే వాతావరణంలో, మొదట నోరు విప్పినవారి మాటే చివరి మాట అవుతుంది. సమావేశం ఇంగ్లీషులో నడిచేచోట, పని లోతుపాతులు ఎరిగిన సూపర్‌వైజరు వాక్యం కూర్చుకునేలోపు చర్చ మరో అంశానికి పోతుంది. తెలుగులో రాయవచ్చు, పేరు రాయనవసరం లేదు అన్న రెండు సడలింపులతో కాగితం చేతికిస్తే ఇంతకాలం వినపడని జ్ఞానం బల్లమీదికి వస్తుంది. ఖర్చు దాదాపు ఏమీ లేని ఈ మార్పు కోసం సలహాదారులను పిలిపించవలసిన పని కూడా లేదు.

ఎంత రాసినా, ఎందరు రాసినా, బృందానికి తెలిసిన లోకం చిన్నదైతే ఆలోచనలు అక్కడక్కడే తిరుగుతాయి. వేరొక రంగంలో ఇదే రూపంలో ఉన్న సమస్యను ఎలా తీర్చారో చూసి తెచ్చుకోవడాన్ని సాదృశ్య పద్ధతి అంటారు. ఇది వినడానికి తేలికేగాని మనసుకు అంత తేలిక కాదు. 1980లో మేరీ గిక్, కీత్ హోలియోక్ ఒక వైద్య సమస్య ఇచ్చారు: కడుపులో ఉన్న కణితిని బలమైన కిరణాలతో నాశనం చేయవచ్చుగాని, అవి దారిలో ఉన్న ఆరోగ్యకరమైన కణజాలాన్నీ చంపేస్తాయి, మరి ఎలా? బలహీనమైన కిరణాలను అనేక దిక్కులనుంచి ఒకేచోట కలిసేలా పంపడం సమాధానం. సొంతంగా చెప్పగలిగినవారు పదిమందిలో ఒకరు. మందుపాతరలు ఉన్న దారులగుండా సైన్యాన్ని చిన్న దళాలుగా విడగొట్టి, అన్ని వైపులనుంచి కోటను చుట్టుముట్టిన సేనాని కథను ముందే చదివించినా, ఆ కథకూ ఈ సమస్యకూ సంబంధం ఉందని సొంతంగా గ్రహించినవారు సుమారు మూడోవంతే. ‘ఇందాకటి కథ సాయపడవచ్చు’ అన్న ఒక్క సూచనతో ఆ సంఖ్య నాలుగింట మూడు వంతులకు పెరిగింది. జ్ఞానం లోపల ఉండి కూడా పిలిస్తేగాని రాదు. ఆ పిలుపు ఇవ్వడమే సాదృశ్య పద్ధతిలో మేనేజరు పని.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు ఇందుకు చక్కని నిదర్శనం చూపారు. గుండె శస్త్రచికిత్స ముగిసిన పసిబిడ్డను ఆపరేషన్ గదినుంచి ఇంటెన్సివ్ కేర్ విభాగానికి తరలించేటప్పుడు గొట్టాలు, తీగలు, మందుల వివరాలు అన్నీ కొద్ది నిమిషాల్లో చేతులు మారాలి. ఫార్ములా వన్ కారు పందేల్లో చక్రాలు మార్చే బృందాన్ని చూసి, ఆ పని తమ పనిని పోలి ఉందని గుర్తించి, ఫెరారీ బృందాన్ని సంప్రదించారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఆజ్ఞ ఇవ్వాలి, ఏ పని అయ్యాక ఏది అన్నది ముందే ఖాయం చేసి, పరికరాలు అమర్చే వేళ మాటలు తగ్గించి, వివరాలు చెప్పడానికి వేరే సమయం కేటాయించారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఒక్కో తరలింపులో సాంకేతిక పొరపాట్లు సగటున 5.42 నుంచి 3.15కు, చెప్పకుండా వదిలేసిన వివరాలు 2.09 నుంచి 1.07కు తగ్గాయి. పొరపాట్లు తగ్గినా తరలింపు సమయం పెరగలేదు.

హైదరాబాదుకూ ఇలాంటి గాథ ఒకటి ఉంది. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని ప్రయోగశాలలో చేతిలోకి తీసుకుని చూసిన నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు, మూడు కిలోలకు పైబడిన లోహపు ఊతాలను ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల దగ్గరికి అబ్దుల్ కలాంను తీసుకువెళ్లిన సంగతినీ, మూడు వారాల్లో 300 గ్రాముల ఊతాలు తయారైన సంగతినీ కలాం స్వయంగా తన ప్రసంగంలో చెప్పాడు. అక్కడ కొత్త పదార్థం కనిపెట్టలేదు, ఉన్నదాన్ని లేనిచోటికి నడిపించారు. అది జరగడానికి వైద్యుడు క్షిపణి ప్రయోగశాలలో అడుగుపెట్టవలసివచ్చింది. సంస్థల గోడలు మనుషులను ఎంతగా వేరుచేస్తే అటువంటి అవకాశాలు అంతగా తగ్గుతాయి.

సాదృశ్యాలను అదృష్టానికి వదలకుండా పోగుచేయాలని చూసినవాడు సోవియట్ ఆవిష్కర్త జెన్రిఖ్ ఆల్ట్‌షుల్లర్. 1940ల చివర నౌకాదళంలో పేటెంట్ల పని చూస్తూ, రంగాలు వేరైనా మంచి ఆవిష్కరణల వెనుక ఒకే కొద్దిపాటి ఎత్తుగడలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని గమనించాడు. సోవియట్ ఆవిష్కరణల దుస్థితిని వివరిస్తూ స్టాలిన్‌కు ఉత్తరం రాసి 1950లో అరెస్టయి, వోర్కుటా శిబిరంలో శిక్ష అనుభవించి, 1954లో విడుదలైన తరువాత ఆయన పెంచిన పద్ధతే ట్రిజ్. వైరుధ్యం దానికి కేంద్రం. ఒక గుణం పెంచితే మరొకటి చెడే పరిస్థితిలో మామూలుగా మధ్యేమార్గం వెతుకుతారు. ట్రిజ్ ఆ రాజీని ఒప్పుకోదు. విమానానికి చక్రాలు ఉండాలి, దిగాలి కాబట్టి. ఉండకూడదు, గాలిని అడ్డుకుంటాయి కాబట్టి. రెండు అవసరాలనూ కాలంలో వేరుచేస్తే ముడుచుకునే చక్రాలు వస్తాయి. శాఖకు పూర్తి స్వేచ్ఛ కావాలి, పూర్తి నియంత్రణా కావాలి అన్న పాలనా సమస్యను కూడా ఏ దశలో స్వేచ్ఛ, ఏ దశలో నియంత్రణ అని విడగొడితే ఇరుపక్షాల వాదన చల్లబడటం సాధ్యమే. ఒక్కో వేళ అందరూ ఒకే కోణంనుంచి ఆలోచించేలా ఎడ్వర్డ్ డి బోనో 1985లో ప్రచారంలోకి తెచ్చిన ఆరు టోపీల పద్ధతి సమావేశాన్ని క్రమంలో పెట్టడానికి ఉపకరిస్తుందిగాని, ట్రిజ్‌లో ఉన్నంత విషయ సామగ్రి అందులో లేదు.

అంతగా ప్రచారంలోకి రాని అడ్డంకి ఒకటి 2021లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధనతో వెలుగులోకి వచ్చింది. లైడీ క్లాట్జ్, గాబ్రియెల్ ఆడమ్స్, వారి సహచరులు లెగో దిమ్మెలతో కట్టిన చిన్న కట్టడాన్ని ఇచ్చి, ఒకే మూల దిమ్మెమీద నిలిచిన పైకప్పును బరువుకు ఆగేలా చేయమన్నారు. అదనంగా పెట్టే ప్రతి దిమ్మెకూ పది సెంట్లు కోత. ఉన్న ఆ ఒక్క దిమ్మెను తీసేస్తే పైకప్పు కింది అంచెమీద నేరుగా కూర్చుంటుంది, ఖర్చు లేదు. అయినా ఆ దారి పట్టినవారు 41 శాతమే. దిమ్మెలు తీసేయడం ఉచితమని ఒక్క వాక్యం చేర్చి చెప్పినప్పుడు 61 శాతానికి చేరారు. ఒక విశ్వవిద్యాలయానికి కొత్తగా వచ్చిన అధ్యక్షుడు మెరుగుదలకు సూచనలు కోరితే, ఉన్నదేదైనా తీసేయాలన్న సూచనలు 11 శాతం మాత్రమే వచ్చాయని అదే పరిశోధన పేర్కొంది. చేర్చడం మనసుకు ముందు తోస్తుంది, తీసేయడం గుర్తుచేస్తేగాని తోచదు. కార్యాలయాల్లో రిజిస్టర్లు, అనుమతులు, వారపు నివేదికలు ఏటేటా పెరగడమేగాని తరగకపోవడానికి ఎవరి దురుద్దేశమూ అవసరం లేదు. ‘ఏమి చేర్చాలి’ అన్న ప్రశ్నకు ముందు ‘ఏమి ఆపేయవచ్చు’ అన్న శీర్షికతో విడిగా ఒక కాగితం పంచడమొక్కటే ఇందుకు విరుగుడు.

ఆలోచనలు పోగయ్యాక ఎంపిక వస్తుంది, ఇక్కడ అడ్డంకి తరచుగా మేనేజరే. ఆయన ముందు నిలబడి లోపం చూపే ధైర్యం ఎవరికీ లేకపోతే ఏ పద్ధతీ నిలవదు. ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో పరిశీలించినప్పుడు, బాగా నడిచే విభాగాల్లోనే ఎక్కువ తప్పులు నమోదవుతున్నట్టు కనిపించి ఆశ్చర్యం కలిగింది. తప్పులు ఎక్కువ జరగడం కాదు, అక్కడివారు వాటిని దాచకుండా చెప్పగలగడమే కారణమని తరువాత తేలింది. మాట అంటే ముప్పు రాదన్న ఈ నమ్మకాన్నే మానసిక భద్రత అంటారు. దానిని పుట్టించడానికి గ్యారీ క్లైన్ 2007లో వివరించిన ప్రీమార్టం చాలా ఉపయోగపడుతుంది. నిర్ణయం ఖాయమయ్యే ముందు ‘ఏడాది గడిచింది, ఈ పథకం ఘోరంగా విఫలమైంది, ఎందుకో రాయండి’ అని అందరినీ అడగడమే ఆ పద్ధతి. ‘విఫలం కావచ్చా?’ అని అడిగితే సందేహించినవాడు విరోధిగా కనిపిస్తాడు. ‘విఫలమైంది, కారణం చెప్పండి’ అంటే అదే మనిషి సహాయకుడవుతాడు.

ఇక కొత్త ఆలోచనను గుర్తుపట్టగల శక్తి. జస్టిన్ బర్గ్ 2016లో సర్కస్ రంగంమీద వెలువరించిన పరిశోధనలో, కొత్త ప్రదర్శనల దృశ్యాలను కళాకారులకూ సర్కస్ మేనేజర్లకూ చూపి, ప్రేక్షకులకు ఏది నచ్చుతుందో ఊహించమన్నాడు. తరువాత ఆ ఊహలను వేలాదిమంది ప్రేక్షకుల అభిప్రాయంతో సరిపోల్చాడు. తోటి కళాకారుల కొత్త ప్రదర్శనలను అంచనా వేయడంలో మేనేజర్లకంటే కళాకారులే మెరుగ్గా ఉన్నారు; కళాకారులు తడబడింది తమ సొంత ప్రదర్శనల విషయంలోనే. ఏళ్ల తరబడి తప్పులు పట్టడమే పనిగా ఉన్నవారి చూపు గతంలో నెగ్గినవాటికి అలవాటుపడిపోతుందని బర్గ్ వివరణ. ఎవరి ఆలోచనను వారే తూచకూడదు, పై అధికారి ఒక్కడే తూచకూడదు, అదే పని చేసే తోటివారికి ఆ అధికారంలో వాటా ఉండాలి అన్నది దీని ఆచరణ రూపం. తూచే పాత్రలో ఉన్నవారి చేత కూడా, అంచనాకు దిగే ముందు కొద్దిసేపు సొంతంగా ఆలోచనలు చేయించినప్పుడు వారి అంచనా మెరుగుపడిందని బర్గ్ తన తదుపరి ప్రయోగంలో చూశాడు. సిబ్బంది రాసిన కాగితాలను తెరిచే ముందు మేనేజరు కూడా అదే ప్రశ్నకు తన కాగితంమీద నాలుగు ఆలోచనలు రాసుకుని, వాటిని పక్కన పెట్టి, ఆ తరువాతే చదవడం మొదలుపెట్టవచ్చు.